మొదటి చెంబు

కార్తీకమాసంలో తెల్లవారుజామున నాలుగున్నరకి మా నాయనమ్మ నన్ను లేపి పెరట్లో నిలబెట్టేది. రాత్రంతా గంగాళంలో పట్టి ఉంచిన నీళ్ళు. మొదటి చెంబు నెత్తిన పడగానే ఏమవుతుందో మీలో చాలామందికి తెలుసు. "హా" అంటూ గుండెల నిండా గాలి లోపలికి పోతుంది. మనం లాగాలనుకుని లాగం, ఒళ్ళే లాగేస్తుంది. రెండో చెంబుకి పళ్ళు టకటకలాడతాయి. నాలుగో చెంబుకి ఒళ్ళు సర్దుకుంటుంది. "చూశావా, పోసుకుంటే చలే ఉండదు" అనేది నాయనమ్మ.

ఈ వ్యాసం ఆ మొదటి చెంబు గురించే. కాకపోతే పెరట్లో పోసుకున్నది కాదు, స్కాట్లాండ్‌లో ఒక సరస్సు మధ్యలో మా అన్నయ్య నెత్తిన పడ్డది. అందులో నా తప్పు కూడా ఉంది కాబట్టి రాస్తున్నాను. తెలుగు క్లబ్ పత్రికలో వెట్‌సూట్ గోలేంటి అని మీరు అడిగేలోపే చెప్తున్నా: ఈ క్లబ్‌లో ఉన్న ఫైనలియర్ వాళ్ళలో సగం మంది వచ్చే ఏడాది ఏదో ఒక చల్లటి దేశంలో ఉంటారు. కాస్త ఓపిగ్గా చదవండి.

మా పెద్దమ్మ కొడుకు మాస్టర్స్ చెయ్యడానికి అక్కడికి వెళ్ళాడు. మనలాగే పుట్టి పెరిగింది బెజవాడలోనే. ఎండాకాలం సెలవుల్లో కాలవలో దూకి, కృష్ణలో ఈది పెరిగినవాడు. అక్కడ యూనివర్సిటీ సెయిలింగ్ క్లబ్‌లో చేరాడు. ఇద్దరు ఎక్కే చిన్న తెరచాప పడవలు, డింగీలంటారు. క్లబ్ వాళ్ళు వెట్‌సూట్ తెచ్చుకోమన్నారు. ఓ రోజు ఫోన్ చేశాడు.

"ఒరేయ్, నువ్వు మెకానికల్ కదా, హీట్ ట్రాన్స్‌ఫర్ చదివావు కదా. ఎలాంటిది తీసుకోవాలో చెప్పు."

నేను పెద్ద తెలిసినట్టు చెప్పాను. "ఏముంది అన్నయ్యా, రెండు సైజులు పెద్దది తీసుకో. లోపల స్వెటర్ పడుతుంది. వదులుగా ఉంటే చేతులు కూడా బాగా కదులుతాయి."

ఆ సబ్జెక్టులో నాకు మంచి గ్రేడే వచ్చింది. అదీ అసలు సిగ్గుపడాల్సిన విషయం.

ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం, ఎండ కాస్తోంది, గాలి పద్దెనిమిది డిగ్రీలు. అక్కడివాళ్ళకి అది పండగ. పడవ బోల్తా పడింది. డింగీల్లో ఇది మామూలే, సైకిల్ నేర్చుకునేప్పుడు పడ్డట్టు. నీళ్ళు మాత్రం పది డిగ్రీలు కూడా లేవు. ఆ వదులు సూట్ మెడ దగ్గర నుంచి, చేతుల దగ్గర నుంచి ఆ నీళ్ళు గబగబా లోపలికి వచ్చేశాయి. "ఊపిరి నా చేతిలో లేదురా" అని తర్వాత చెప్పాడు. "ఈత వచ్చు అన్న సంగతే గుర్తు రాలేదు. కుక్కలా రొప్పడం ఒక్కటే తెలుసు. జాకెట్ తేల్చి పెట్టింది కాబట్టి సరిపోయింది." కోచ్ పడవ రెండు మూడు నిమిషాల్లో వచ్చి పైకి లాగింది. నా సలహా ముంచబోయింది, ఆయన వేసుకున్న లైఫ్ జాకెట్ తేల్చింది.

ఆ రాత్రి నేను రఫ్ నోట్ తీసుకుని లెక్క వేశాను. అడిగిన రోజే వెయ్యాల్సిన లెక్క.

వేడిని లాగేయడంలో నీళ్ళు గాలికంటే పాతిక రెట్లు గట్టివి. ఉష్ణవాహకత గాలికి సుమారు 0.025 అయితే నీళ్ళకి 0.6. పద్దెనిమిది డిగ్రీల గాలిలో టీషర్ట్‌తో తిరగొచ్చు, పది డిగ్రీల నీళ్ళలో కుదరదు. వెట్‌సూట్ చేసేది నియోప్రీన్ అనే నురగ రబ్బరుతో. దాని నిండా విడివిడిగా మూసుకుపోయిన చిన్న చిన్న గ్యాస్ బుడగలుంటాయి. దాని వాహకత సుమారు 0.05, అంటే నీళ్ళలో పన్నెండో వంతు.

ఇప్పుడు మనిషి ఒంటి వైశాల్యం 1.8 చదరపు మీటర్లు, చర్మం 30 డిగ్రీలు, నీళ్ళు 10 డిగ్రీలు అనుకోండి. 5 మిల్లీమీటర్ల సూట్ గుండా సెకనుకి పోయే వేడి సుమారు 360 వాట్లు. 3 మిల్లీమీటర్లదైతే 600 వాట్లు. ఊరికే కూర్చున్న మనిషి ఒళ్ళు పుట్టించే వేడి 100 వాట్ల చుట్టుపక్కల. అంటే ఎంత మందం సూటైనా అది మనకి సమయం కొనిపెడుతుంది, అంతే. చలిని రద్దు చెయ్యదు.

అసలు దెబ్బ తర్వాతి లెక్కలో ఉంది. సూట్ వదులుగా ఉండి, లోపలి వెచ్చటి నీళ్ళు పోయి కొత్త చన్నీళ్ళు నిమిషానికి ఒక్క లీటరు చొప్పున వస్తున్నాయనుకోండి. ఆ లీటరుని 20 డిగ్రీలు వేడెక్కించడానికి 84 కిలోజౌల్స్ కావాలి. నిమిషానికి 84 కిలోజౌల్స్ అంటే 1400 వాట్లు. మొరటు లెక్కే, ఒప్పుకుంటాను. అయినా సంగతి తేలిపోయింది. 3 మిల్లీమీటర్లా, 5 మిల్లీమీటర్లా అని తల బద్దలు కొట్టుకునే కంటే ముందు అది ఒంటికి అతుక్కుందా లేదా చూసుకోవాలి. వదులుగా ఉన్న 5 కంటే బిగుతుగా ఉన్న 3 నయం. నేనేమో రెండు సైజులు పెద్దది తీసుకోమన్నాను!

ఇక్కడ చాలామందికి ఉండే ఒక పొరపాటు కూడా చెప్పాలి. వెట్‌సూట్ లోపలికి వచ్చే పల్చటి నీటి పొరే మనల్ని వెచ్చగా ఉంచుతుందని అంటుంటారు. ఉంచేది రబ్బరులోని బుడగలు. నీటి పొర కదలకుండా ఉంటే నష్టం లేదు, అంతవరకే. దీన్ని మొదట పట్టుకున్నది హ్యూ బ్రాడ్నర్ అనే భౌతిక శాస్త్రవేత్త. కాలిఫోర్నియాలో బర్కిలీ యూనివర్సిటీలో పనిచేస్తూ 1951-52 ప్రాంతంలో ఆలోచించాడు. ఈతగాడి ఒళ్ళు తడవకూడదని ఏమీ లేదు, బట్టలోనే గ్యాస్ బంధించి ఉంటే చాలు అన్నది ఆయన గ్రహింపు. అణుబాంబు తయారైన లాస్ అలమోస్‌లో అంతకుముందు పనిచేసిన మనిషి. అదే కాలిఫోర్నియాలో జాక్ ఓనీల్ సర్ఫింగ్ చేసేవాళ్ళకి సూట్లు అమ్మి ఇంటింటి పేరు చేశాడు.

మరి సెయిలింగ్‌కి ఎలాంటిది కావాలి? సర్ఫింగ్ సూట్, సెయిలింగ్ సూట్ ఒకటి కాదు. అన్నయ్య ఇప్పుడు క్లబ్ సీనియర్లని అడిగి, నేను చదివి, ఇద్దరం కలిసి నేర్చుకున్నది ఇది.

పడవలో ఉన్నవాడు ఎక్కువసేపు నీళ్ళలో ఉండడు. తడిసిన ఒంటితో గాలికి కూర్చుని ఉంటాడు. గాలి తడిని ఆర్పుతూ వేడిని లాగేస్తుంది, మన మట్టి కుండలో నీళ్ళు చల్లబడ్డట్టే. అందుకని సూట్ పైన గాలి దూరని పల్చటి జాకెట్ ఒకటి కావాలి. భుజాలు బాగా తిరగాలి, తాళ్ళు లాగాలి కాబట్టి చాలామంది చేతుల్లేని సూట్, అదే లాంగ్ జాన్, వేసుకుని లోపల థర్మల్ బనియన్, పైన ఆ జాకెట్ వేస్తారు. మోకాళ్ళ మీద పాకుతూ, పడవ అంచు మీద కూర్చుంటూ ఉంటారు కాబట్టి మోకాళ్ళ దగ్గర, వెనకాల గట్టి పట్టీలుండాలి. లేకపోతే డెక్ మీది గరుకుకి నెలలో చిరుగుతుంది.

మందానికి వస్తే, నీళ్ళు 24 డిగ్రీలు దాటితే వెట్‌సూట్ అవసరమే లేదు, లైక్రా చొక్కా చాలు. 18 నుంచి 23 మధ్య 2 లేదా 3 మిల్లీమీటర్లు. 12 నుంచి 17 అయితే 4/3, అంటే ఛాతీకి 4, చేతులకీ కాళ్ళకీ 3. పన్నెండు దిగితే 5/4, దానితో పాటు బూట్లు, గ్లోవ్స్, తలకి టోపీ. ఇంకా దిగితే డ్రైసూట్. అది నీళ్ళని లోపలికే రానివ్వదు, కానీ లోపల వెచ్చటి బట్టలు మనమే వేసుకోవాలి. ఇవి గీత గీసిన హద్దులు కావు. సన్నగా ఉన్నవాళ్ళు ఒక మెట్టు పైకి వెళ్ళడం మంచిది. హాస్టల్ మెస్ తిన్న మన ఒళ్ళు ఎలాగూ ఆ కోవలోవే.

కుట్లు చూడాలి. సూది రెండువైపులా దిగిన మామూలు కుట్టులోంచి నీళ్ళు కారతాయి, వేసవికి పర్లేదు. చలికి అయితే ముందు జిగురుతో అతికించి, సూది రబ్బరు సగం వరకే దిగేలా కుట్టినవి కావాలి. వేసుకున్నాక నడుం వెనక, చంకల్లో, తొడల మధ్య ముడతలు, గాలి సంచులు ఉండకూడదు. చేతులు పైకెత్తాలి, గొంతుక్కూర్చోవాలి. గొంతు నొక్కినట్టు ఉండకూడదు కానీ మెడ దగ్గర ఖాళీ ఉండకూడదు. కొత్త సూట్ ఎక్కించుకోవడమంటే గాజులామె చెయ్యి నలిపి బిగుతు గాజు ఎక్కించినట్టే ఉంటుంది. పాదానికి ప్లాస్టిక్ సంచి తొడుక్కుంటే కాలు జారుతుంది, ఇది అక్కడి సీనియర్లందరికీ తెలిసిన చిట్కా. సెకండ్ హ్యాండ్‌ది తీసుకోవచ్చు, తప్పులేదు. వేళ్ళతో నొక్కి చూస్తే మెత్తగా నొక్కుకుని మళ్ళీ లేవాలి. అట్టలా బిగుసుకుపోయి ఉంటే బుడగలు చచ్చిపోయినట్టే. వాడాక మంచినీళ్ళతో కడిగి నీడన ఆరెయ్యాలి. వాషింగ్ మెషీన్‌లో వెయ్యకూడదు.

అన్నిటికంటే ముఖ్యం: వెట్‌సూట్ కాస్త తేలుతుంది కానీ అది లైఫ్ జాకెట్ కాదు. దాని మీద లైఫ్ జాకెట్ ఉండాల్సిందే.

ఎందుకో అర్థం కావాలంటే మొదటి చెంబు దగ్గరికి రావాలి. కెనడాలో మానిటోబా యూనివర్సిటీలో గోర్డన్ గీస్‌బ్రెక్ట్ అనే ప్రొఫెసర్ చన్నీళ్ళలో మనిషికి ఏమవుతుందన్నది ఏళ్ళ తరబడి పరిశోధించాడు. ఆయన చెప్పే గుర్తు 1-10-1. మొదటి 1 నిమిషం ఊపిరి మన చేతిలో ఉండదు. దాన్నే కోల్డ్ షాక్ అంటారు. తర్వాత 10 నిమిషాల్లో చేతులు, కాళ్ళు మాట వినడం మానేస్తాయి, ఈత ఎంత వచ్చినా సరే. ఒళ్ళు పూర్తిగా చల్లబడి స్పృహ తప్పడానికి గంట దాకా పడుతుంది. మనమంతా చలికి గడ్డకట్టి చనిపోతారనుకుంటాం. చాలామంది ఆ గంట దాకా ఉండనే ఉండరు. మొదటి నిమిషంలోనే, "హా" అని గాలి లాగే సమయానికి తల నీళ్ళలో ఉంటే, లోపలికి పోయేది గాలి కాదు. నీళ్ళు 15 డిగ్రీల కంటే తక్కువుంటే ఇది ఎవరికైనా జరగొచ్చు.

నాయనమ్మ పెరట్లో నాలుగో చెంబు దాకా ఆగే వీలుంది, కాళ్ళ కింద నేల ఉంది కాబట్టి. సరస్సులో నాలుగో చెంబు దాకా మనల్ని పైన ఉంచేది జాకెట్ ఒక్కటే. జాకెట్ లేకపోతే బ్రిటన్‌లో లైఫ్‌బోట్ సంస్థ ఆర్.ఎన్.ఎల్.ఐ. చెప్పే సలహా ఒకటుంది: ఈదకు, ముందు తేలు. తల వెనక్కి వాల్చి, చెవులు నీళ్ళలో మునగనిచ్చి, వెల్లకిలా తేలుతూ ఊపిరి నీ మాట వినేదాకా ఆగు. తర్వాత అరువు, లేదా ఈదు.

ఇప్పుడు నా అభిప్రాయం చెప్తాను.

మనకి నీళ్ళంటే భయం లేదని కాదు, మన భయాలన్నీ వెచ్చటి నీళ్ళవి. సుడిగుండం, లోతు, బ్యారేజీ గేట్లు, వరద. ఎండ కాస్తే నీళ్ళు కూడా వెచ్చగా ఉంటాయని మన ఒంటికి చిన్నప్పటి నుంచి అలవాటు. మే నెలలో కృష్ణలో దిగితే గోరువెచ్చగా ఉంటుంది. బందరు కాలవ మీద, బకింగ్‌హామ్ కాలవ మీద తెరచాప పడవలు నడిపిన మన తాతలకి ఒంటి మీద గోచీ, తలకి తువ్వాలు చాలాయి. వాళ్ళు తప్పు చెయ్యలేదు, తమ నీళ్ళకి సరిపోయే బట్టే కట్టుకున్నారు. మనం ఆ అలవాటుని సూట్‌కేసులో పెట్టుకుని ఇంకో దేశపు నీళ్ళ దగ్గరికి వెళ్తున్నాం. అక్కడ వసంతంలో ఎండ ముందొస్తుంది, నీళ్ళు వేడెక్కడానికి ఇంకా నెలలు పడుతుంది. ఆకాశాన్ని చూసి బట్టలేసుకోవడం మనకి అలవాటు. నీళ్ళని చూసి వేసుకోవాలి.

2024 ఏప్రిల్లో స్కాట్లాండ్‌లోని లిన్ ఆఫ్ టమ్మెల్ అనే జలపాతం దగ్గర మన రాష్ట్రం నుంచి చదువుకోడానికి వెళ్ళిన ఇద్దరు విద్యార్థులు నీళ్ళలో పడి చనిపోయారు. సెయిలింగ్‌కి వెళ్ళినవాళ్ళు కాదు, స్నేహితులతో సరదాగా వెళ్ళినవాళ్ళు. అన్నయ్య ఉండేది కూడా ఆ దేశమే కాబట్టి ఆ వార్త మా ఇంట్లో ఇప్పటికీ తలుచుకుంటారు. ఫోన్ ఎత్తకపోతే పెద్దమ్మకి నిద్ర పట్టదు.

వెళ్ళేవాళ్ళకి మనం ఏం చెప్తున్నాం? సీనియర్ల గ్రూపుల్లో చూడండి. ప్రెషర్ కుక్కర్ ఏ సైజు, పచ్చడి ఎలా ప్యాక్ చెయ్యాలి, 23 కేజీల్లో ఏం సర్దాలి, బ్యాంక్ అకౌంట్ ఎప్పుడు తెరవాలి. అన్నీ కావాల్సినవే. నీళ్ళ గురించి ఒక్క ముక్క ఉండదు. మంచు పడితే ఏ జాకెట్ కొనాలో చెప్పే వీడియోలు తెలుగులో ఎన్నో ఉన్నాయి. వారాంతం సరస్సుకి వెళ్తే ఏం జరగొచ్చో చెప్పేవి వెతికినా దొరకడం కష్టం.

"అక్కడికి వెళ్ళి పడవలెందుకు ఎక్కాలి, చదువుకుని రావచ్చుగా" అని కొందరు పెద్దవాళ్ళంటారు. మా పెద్దనాన్నా అదే అన్నాడు. నేను ఒప్పుకోను. మనవాళ్ళు చన్నీళ్ళకి పనికిరారని ఎక్కడా రాసి లేదు. 2017 సెప్టెంబర్ 10న గోవా నుంచి ఐ.ఎన్.ఎస్.వి. తారిణి అనే తెరచాప పడవలో ఆరుగురు నావికాదళ మహిళా అధికారులు బయల్దేరి, భూమిని చుట్టి 2018 మే 21న తిరిగొచ్చారు. వాళ్ళలో పి. స్వాతి మన విశాఖ అమ్మాయి, బొడ్డపాటి ఐశ్వర్య హైదరాబాద్ అమ్మాయి. దక్షిణ మహాసముద్రంలో కేప్ హార్న్ చుట్టి వచ్చారు. అంత పెద్ద పడవల్లో వెట్‌సూట్ వేసుకోరు, పొరలు పొరలుగా వెచ్చటి బట్టలు, పైన నీళ్ళు దూరని కోటు, పడవకి కట్టుకునే తాడు. బట్ట వేరైనా సూత్రం అదే: ముందు నీళ్ళ సంగతి తెలుసుకున్నారు, ఏళ్ళ తరబడి నేర్చుకున్నారు, తర్వాత దిగారు. హుస్సేన్ సాగర్‌లో యాచ్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ దగ్గర సర్కారు బడి పిల్లలు చిన్న ఆప్టిమిస్ట్ పడవల్లో నేర్చుకుంటుంటారు. అక్కడి నీళ్ళకి వెట్‌సూట్ అక్కర్లేదు, లైక్రా, టోపీ చాలు. కానీ లైఫ్ జాకెట్ లేకుండా పడవ ఎక్కరు.

ఆ ఒక్క మాట దగ్గర మన బెజవాడ గుర్తొస్తుంది. 2017 నవంబర్ 12, కార్తీకమాసం, ఆదివారం. ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర, పవిత్ర సంగమం ఒడ్డున పడవ బోల్తా పడి ఇరవై మందికి పైగా చనిపోయారు. ఒంగోలు నుంచి వచ్చినవాళ్ళే ఎక్కువ. లైఫ్ జాకెట్లు లేవు. తారిణి అప్పటికి సముద్రంలో ఉంది. స్కాట్లాండ్ చలి మనకి తెలియని ప్రమాదం అనుకుందాం. కృష్ణ మనకి తెలిసిన నదే కదా? తెలిసిన నీళ్ళకే బట్ట వేసుకోని వాళ్ళం, తెలియని నీళ్ళకి వేసుకుంటామా? ఇప్పటికీ పున్నమి ఘాట్ నుంచి భవానీ ఐలాండ్ వెళ్ళేప్పుడు మన బ్యాచ్ ఫోటోలు చూసుకోండి. జాకెట్ ఒంటి మీద ఉన్నవాళ్ళెంతమంది, బకిల్ పెట్టుకున్నవాళ్ళెంతమంది, ఫోటో బాగా రాదని విప్పి ఒళ్ళో పెట్టుకున్నవాళ్ళెంతమంది? నా ఫోటోలో నేను మూడో రకం.

అందుకని అడుగుతున్నవి మూడే. కాలేజీలో పైచదువులకి వెళ్ళేవాళ్ళకి జరిపే వీడ్కోలు మీటింగ్‌లో పది నిమిషాలు నీళ్ళకి కేటాయించండి: కోల్డ్ షాక్ అంటే ఏంటి, వెల్లకిలా ఎలా తేలాలి, నీళ్ళ వేడి ఎలా కనుక్కోవాలి. ఆ పది నిమిషాలు తెలుగులో జరగాలి, అది మన క్లబ్ పని. రెండోది, బ్యాచ్ ట్రిప్పుల్లో బకిల్ పెట్టకపోతే పడవ కదలకూడదు. సరంగు చెప్పకపోతే క్లాస్ రిప్రజెంటేటివ్ చెప్పాలి. మూడోది, మనలాంటి ఇంజనీరింగ్ వాళ్ళని ఎవరైనా సలహా అడిగితే, నోటితో కాదు, రఫ్ నోట్‌తో చెప్పండి.

అన్నయ్య సెకండ్ హ్యాండ్‌లో ఒంటికి అతుక్కునే 5/4 సూట్ కొన్నాడు. మోకాళ్ళకి పట్టీలున్నది. మొన్న వేసుకుని, మీద ఎర్ర జాకెట్‌తో వీడియో కాల్ చేశాడు. పెద్దమ్మ చూసి, "ఏంట్రా అది, ఒంటికి తారు పూసుకున్నట్టు ఉంది" అని నవ్వింది. తర్వాత కాసేపు ఏం మాట్లాడలేదు. ఆఖర్న ఒక్కటే అడిగింది.

"ఆ ఎర్రది గట్టిగా కట్టుకున్నావా నాన్నా?"

కట్టుకున్నాడు. బకిల్ లాగి చూపించాడు.